బాడుగకు దొరకు కాలము

సేద్యము చేయు ప్రతివాడును ట్రాక్టరు కొనలేడు. కొనవలసిన అవసరమును లేదు. వాన కురిసి నేల పదునైన దినములలో గంటకింత యని బాడుగ కుదుర్చుకొని, చేను దున్నించుకొని, యంత్రమును పంపివేయును. ఏడాదిలో తక్కిన దినములన్నియు దానిని కొట్టములో నిలుపుకొని పోషించు భారము అతనికి లేదు. సి.బెళగల్, గూడూరు, ఎమ్మిగనూరు ప్రాంతముల చదువరులకు ఈ సంగతి నేను చెప్పవలసిన పని లేదు. అయినను, నేను వ్రాయబోవు విషయము చలనచిత్రములకు సంబంధించినది, మనలో పెక్కుమందికి క్రొత్తది. కనుక మనకు బాగుగా తెలిసిన చోటినుండియే మొదలుపెట్టుచున్నాను.

ఈ పాఠశాలలో చదువు ముగించిన కొన్నియేండ్లకు నేను హైదరాబాదు చేరి, చలనచిత్రములకు దృశ్యమాయలు, అనగా విజువల్ ఎఫెక్ట్సు, సమకూర్చు ఒక శాలలో పనికి కుదిరితిని. సెలవులకు ఊరు వచ్చినప్పుడెల్ల పిన్నలును పెద్దలును నన్ను చుట్టుకొని, "సినిమాలో ఆ నీళ్లను, ఆ కొండలను మీరెట్లు పుట్టింతురు?" అని అడుగుచుందురు. అరుగుమీద చెప్పిన జవాబు ఎప్పుడును సగములోనే తెగిపోవుచుండును. ఇక్కడ కొంత నిదానముగా చెప్పగలనని నా ఆశ.

పూర్వము తెరమీది మాయ అంతయు కెమేరాలోనే జరుగుచుండెను. 1957లో వచ్చిన మాయాబజారు చిత్రమునకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ. గణనయంత్రము తోడు లేకయే ఆయన చూపిన వింతలను మన పెద్దలు నేటికిని చెప్పుకొనుచుందురు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేతికి వచ్చినది. 2012లో ఈగ చిత్రమున కథానాయకుడైన ఈగను హైదరాబాదునందలి మకుట సంస్థవారు కంప్యూటరులోనే రూపొందించి, ఆ సంవత్సరపు జాతీయ బహుమానమును పొందిరి. 2015లో బాహుబలి మొదటి భాగమున మనము చూచిన మహాజలపాతముకూడ ఆ సంస్థవారి పనియే. ఆ చిత్రపు దృశ్యమాయలకు వి. శ్రీనివాస్ మోహన్‌గారికి జాతీయ బహుమానము లభించెను.

ఇందు పని రెండు విధములు. మొదటిది చిత్రకారులది. వారు వస్తువుయొక్క ఆకారమును కంప్యూటరులో కట్టుదురు. దానికి రంగును, నునుపును, గరుకుదనమును అమర్చుదురు. దీపము ఎక్కడ ఉండవలెనో, కెమేరా ఎక్కడ నిలువవలెనో నిర్ణయింతురు. ఇంతవరకును కనబడునది ముడిబొమ్మ మాత్రమే. రెండవది యంత్రముది. ఒక్కొక్క కాంతికిరణము దేనిని తగులునో, ఎటు మరలునో, నీటిలో ఎంత వంగునో, తుదకు కెమేరా కంటికి ఏ రంగై చేరునో అది లెక్కకట్టును. ఈ లెక్కకు రెండరింగని పేరు. సెకండు కాలమునకు 24 బొమ్మలు కావలెను. ఒక్కొక్క బొమ్మలోను లక్షలకొలది చుక్కలుండును. ప్రతి చుక్కకును ఈ లెక్క జరుగవలెను.

1995లో అమెరికాలో పిక్సార్ సంస్థవారు టాయ్ స్టోరీ యను చిత్రమును పూర్తిగా కంప్యూటరుతోనే తయారుచేసిరి. అందు 1,14,240 బొమ్మలున్నవి. 117 యంత్రములు రాత్రింబగళ్లు పనిచేయగా మొత్తము 8,00,000 యంత్రగంటలు పట్టినవని లెక్క. విద్యార్థులు భాగించి చూచుకొనవచ్చును: సగటున బొమ్మకు 7 గంటలు. ఒక్క యంత్రమే చేయవలసియున్నచో 91 ఏండ్లు పట్టియుండును. తరువాత యంత్రముల వేగము ఎన్నోరెట్లు పెరిగినది. దానితోపాటు చిత్రకారుల కోరికలును పెరిగినవి. కావున నేటికిని ఒక్క బొమ్మకు గంటలు పట్టుటయే సాధారణము.

అయితే ఈ పనిలో ఒక సౌకర్యమున్నది. నూరవ బొమ్మను లెక్కకట్టుటకు తొంబది తొమ్మిదవ బొమ్మ ముగియవలెనని లేదు. ఒక్కొక్క బొమ్మను ఒక్కొక్క యంత్రమునకు పంచియీయవచ్చును. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘమును తలచుకొనుడు. సంఘము నూలు ఇచ్చెడిది. నేతవారు ఎవరి మగ్గముమీద వారు నేసెడివారు. నేసిన బట్టలన్నియు మరల ఒక చోటికి చేరెడివి. ఒక ఇంటి మగ్గము ఆగినను పొరుగింటి మగ్గము ఆగదు. మా శాలలో యంత్రములకు బొమ్మలు పంచుటయు ఇట్టిదే.

చిక్కంతయు మగ్గముల సంఖ్యలో ఉన్నది. చిత్రము విడుదలయగుటకు ముందు రెండు మూడు నెలలు ఎన్ని యంత్రములున్నను చాలవు. అది దాటిన పిమ్మట ఉన్నవికూడ ఊరకే నిలిచియుండును. ఆ కొద్దికాలమునకై వందల యంత్రములు కొని, వానికి విద్యుత్తును చల్లదనమును సమకూర్చుట చిన్న సంస్థలవలన కాదు. అందుచే ఇటీవలి కాలమున క్లౌడు కంప్యూటింగను పద్ధతి వ్యాప్తికి వచ్చినది. క్లౌడనగా మేఘము. మేఘమునకై ఆకాశమువంక చూచి చూచి కన్నులు కాయలు కాచిన సీమవారము కనుక ఈ పేరు విని మనము కొంచెము నవ్వుకొనవచ్చును. ఇది ఆకాశమున లేదు. నేలమీద పెద్ద పెద్ద భవనములలో బారులు తీర్చిన యంత్రములే ఇవి. వానిని తంతిమార్గమున, దూరమునుండియే, గంటలకును నిమిషములకును బాడుగకు తీసికొందుము. అమెజాన్ సంస్థవారు 2016లో బొంబాయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను ఇట్టి కేంద్రములను తెరచిరి. 2022లో వచ్చిన అవతార్ రెండవ భాగమునకు పనిచేసిన న్యూజీలాండు దేశపు వేటా సంస్థ పేరుపొందినది. దానికిని తన సొంత యంత్రములు చాలక, ఈ బాడుగ యంత్రముల సహాయము పొందవలసివచ్చెను.

ఇందలి గణితము చూడుడు. ఒక యంత్రమును 240 గంటలు వాడినను, 240 యంత్రములను ఒక్కొక్క గంట వాడినను బాడుగ ఒక్కటియే. కాని మొదటిదానికి పది దినములు. రెండవదానికి ఒక గంట. ఇట్లు బాడుగకు దొరకునది యంత్రము కాదనియు, కాలమనియు నాకు తోచుచున్నది. ఆ కాలమును దేనికి వినియోగించవలెనన్నదే అసలు ప్రశ్న. నా అనుభవమొకటి చెప్పెదను.

ఒక చిత్రమునకై మాకు పది సెకండుల వరద దృశ్యము అప్పగింపబడెను. నది ఉప్పొంగి పల్లెలోనికి వచ్చుట అందలి ఘట్టము. పది సెకండులనగా 240 బొమ్మలు. బొమ్మకు ఆరు గంటలు. వెరసి 1,440 యంత్రగంటలు. శాలలో ఆ పనికి కేటాయింపగలిగిన యంత్రములు పది. వానికి ఆరు దినములు పట్టును. దృశ్యము అప్పగింపవలసిన గడువు ఏడు దినములలో ఉన్నది. ఆ సాయంకాలమే రెండరింగు మొదలుపెట్టిననేగాని గట్టెక్కలేము.

మొదలుపెట్టుటకు ముందు, వాడుక ప్రకారము, చిన్న పరిమాణమున కొన్ని బొమ్మలు మాత్రము తీసి అందరమును చూచితిమి. నీరు ఎత్తుగా లేచి, తెల్లని నురుగుతో, సముద్రపు కెరటమువలె ఇండ్లమీద పడుచుండెను. చూచుటకు సొంపుగనే యుండెను. అందరును తలలూపిరి. నాకు మాత్రము మనస్సొప్పలేదు.

మా మండలపు ఉత్తరపు అంచున తుంగభద్ర పారును. 2009 అక్టోబరులో ఆ నదికి వచ్చిన వరదను నేను బాల్యమున చూచితిని. మంత్రాలయమును, కర్నూలు పట్టణమును ముంచిన వరద అది. ఆ నీరు కెరటములుగా లేచి రాలేదు. నురుగులు క్రక్కుచు రాలేదు. ఎఱ్ఱమట్టి కలిసి చిక్కబడి, చప్పుడు లేక, జానెడు జానెడుగా పైకెక్కినది. దానిమీద చొప్పకట్టలు, గడ్డివాములు, తలుపు రెక్కలు, వేళ్లతో లేచిన తుమ్మచెట్లు తేలివచ్చినవి. మా అవ్వ ఒడ్డుకు దూరముగా నిలిచి, ఒక రాతిని గురుతుపెట్టుకొని, అది మునుగుట చూచి, "ఇంక పదండి నాయనా" అని మమ్ము మెట్టకు నడిపించినది. భయము కెరటములో లేదు. ఆ రాయి మునుగుటలో ఉన్నది.

నేను ఆ శాలలో చిన్నవాడను. అయినను మా పెద్దతో, "అయ్యా, ఇది సముద్రమువలె నున్నది గాని ఏటి వరదవలె లేదు" అంటిని. ఆయన కారణమడుగగా పై సంగతులన్నియు చెప్పితిని. ఆయన కొంతసేపూరకుండి, "నీవు చెప్పినది నిజమే. కాని దిద్దుటకు నాలుగు దినములు కావలెను. మన యంత్రములకు ఆరు దినములు కావలెను. ఉన్నవి ఏడు" అనెను. లెక్కలు చూచువారు బాడుగ యంత్రములకు ఒప్పుకొనలేదు. "సొంత యంత్రములుండగా బయట డబ్బేల పోయవలెను? చూచువారెవరు కనిపెట్టుదురు?" అని వారి వాదము. అదియు త్రోసివేయదగినది కాదు. ఆ నెల జీతములు ఆ దృశ్యపు రాబడిమీదనే ఆధారపడియుండెను. తుదకు మా పెద్ద బాడుగకే ఒప్పించెను.

దిద్దుబాటులో ఒక పాఠము నేర్చితిని. నీటి కదలికను లెక్కకట్టు పని రెండరింగువంటిది కాదు. ఈ క్షణమున నీరెక్కడనున్నదో తేలిననేగాని మరుక్షణమున ఎక్కడికి పోవునో చెప్పవీలులేదు. మగ్గముమీది పేకవలె ఒక పోగు పడిన పిమ్మటనే మరియొక పోగు. ఇక్కడ వందయంత్రములు తెచ్చినను పంచియిచ్చుటకు వీలులేదు. ఒక పెద్ద యంత్రము రెండు దినములు తన పాటికి తాను నడచినది. మేము కాచుకొని, ఆ లోపల చొప్పకట్టలను, తలుపు రెక్కలను తయారుచేసి, రంగును ఎఱ్ఱమట్టికి మార్చితిమి. కెరటము పోయి, నీరు గోడవెంట నిదానముగా ఎక్కజొచ్చెను. ఇంటి ముందరి రోలు ఒకటి మునుగునట్లు మా పెద్ద తానే చేర్చెను.

నాలుగవనాటి రాత్రి 9 గంటలకు 240 యంత్రములను బాడుగకు తీసికొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క బొమ్మ నప్పగించితిమి. తక్కువ బాడుగకు దొరకు యంత్రములలో ఒక షరతున్నది: పూర్తి ధర ఇచ్చు గిరాకి వచ్చినచో రెండే నిమిషముల హెచ్చరికతో వానిని తిరిగి తీసికొందురు. ఆ రాత్రి కొన్ని యంత్రములు అట్లు పోయినవి. పోయినది ఆ ఒక్కొక్క బొమ్మపని మాత్రమే. వానిని వేరు యంత్రములకు మరల పంచితిమి. తెల్లవారునప్పటికి చాలభాగమును, మధ్యాహ్నమునకు అన్నియు చేతికి వచ్చినవి. వెంటనే యంత్రములన్నిటిని ఆపివేసితిమి. పని ముగిసినను ఆపనిచో, చేను దున్నుట అయిన తరువాత ట్రాక్టరును గట్టున ఉరుము పెట్టియుంచినట్లు, బాడుగ ఎక్కుచునే యుండును.

దృశ్యము గడువులోపల చేరెను. బాడుగ ఖర్చు మాకు లాభములో కోతయైనది. ఆ మాట దాచనేల? కాని తరువాత ఆ చిత్రమును ఊరిలో మా అవ్వకు చూపగా, ఆమె రోలు మునుగు చోట కొంగు నోటికడ్డము పెట్టుకొన్నది. ఆ పది సెకండులు దాటువరకు మాటాడలేదు.

ఈ పనియందు ఆసక్తిగల విద్యార్థులకు మరియొక సంగతి చెప్పి ముగించెదను. యంత్రబలము లేదని వెనుదీయవలదు. లాట్వియా యను చిన్న దేశమున గింట్స్ జిల్బలోదిస్ అను దర్శకుడు ఫ్లో యను చిత్రమును, ఎవరైనను ఉచితముగా పొందదగిన బ్లెండర్ అను సాధనముతో తయారుచేసి, 2024లో విడుదలచేసెను. వరదలో చిక్కిన ఒక పిల్లి కథ అది. దాని రెండరింగు వందల యంత్రముల శాలలో జరుగలేదు. ఆయన తన సొంత కంప్యూటరుమీదనే జరిపెను. ఆ చిత్రమునకు 2025లో ఆస్కారు బహుమానము లభించెను. ఆ సాధనమే నేడు మన పల్లెలోని కంప్యూటరునకును దిగుమతి చేసికొనవచ్చును. యంత్రములు చాలనినాడు బాడుగకు తెచ్చుకొనవచ్చును. నాకు తెలిసినంతలో ఆ ఖర్చుకూడ ఏడాదికేడాది చిన్నవారికి అందుబాటులోనికి వచ్చుచున్నది. కాని మీ ఊరి చెరువు ఎండిననాడు అడుగున నెఱ్ఱెలెట్లు విచ్చునో, జొన్నచేనిమీద గాలి ఎట్లు పోవునో, తుంగభద్రకు క్రొత్తనీరు వచ్చిననాడు ఏ రంగున నుండునో ఇప్పుడే చూచి పెట్టుకొనుడు. వీలైనచో పుస్తకమున బొమ్మ గీసి, తేదీ వేసి ఉంచుడు. పెద్దయైన పిమ్మట ఏ శాలలోనో ఒక సాయంకాలము, అందరును తలలూపుచున్న చోట, అది మీకు పనికివచ్చును.