కోసుకపోయిన గడ్డలు

మా ఇంట్లో ఆలుగడ్డలు రెండు రకాలు: అమ్మేవి, కోసుకపోయినవి. నాగలి కర్రు తగిలి చెక్కు లేచినవి, నిలువునా రెండైనవి, ఎలుక ఒక మూల కొరికి వదిలేసినవి, అన్నిటికీ కలిపి మా అవ్వ పెట్టిన పేరు కోసుకపోయినయి. బస్తాల్లోకి ఎక్కేవాటి మీద మాకు చెయ్యి వేసే హక్కు లేదు. అవి హైదరాబాదువాళ్లవి. ఎండ తగిలి పచ్చబడ్డవి ఎవరివీ కావు. చేదు, తింటే కడుపులో తిప్పుతుందని అవ్వ వాటిని దిబ్బలో పారేసేది. మిగిలిన గాయపడ్డ గడ్డలు మావి. ఆలుగడ్డలు పండించే ఊళ్లో పుట్టి, నున్నటి ఆలుగడ్డ కూర చుట్టాలు వచ్చినరోజే తిన్నానంటే పట్నంలో నా స్నేహితులు ఇప్పటికీ నమ్మరు.

మాది జహీరాబాద్ దగ్గర, కోహీర్ వైపు. 1956 దాకా ఆ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. నేను పుట్టేనాటికి మెదక్ జిల్లా అయింది, ఇప్పుడు సంగారెడ్డి. మా తాత బీదర్ కాలం మనిషి. ఎద్దులతో కన్నడంలో, గిర్దావరుతో ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడేవాడు. ఎద్దులకు తెలుగు రాదని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

ఎర్రనేల, సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల ఎత్తు, వణికించే చలి. ప్రతి చలికాలం పేపర్లలో కోహీర్ పేరు కనిపిస్తుంది, రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత అని. చదివినవాళ్లు అయ్యో అనుకుంటారు. ఆ చలే మా పంట. పగలు ఎండ కాసినా పరవాలేదు, రాత్రి చల్లబడితేనే ఆలుగడ్డ ఊరుతుంది. రాత్రిళ్లు వెచ్చగా ఉంటే ఆకు మహా ఏపుగా పెరిగి, తవ్వి చూస్తే గోళీకాయలు. కోస్తాలో దాన్ని బంగాళాదుంప అంటారని, రాయలసీమలో ఉర్లగడ్డ అంటారని నాకు తెలిసింది హాస్టల్లో. ఒకే కూర కోసం మూడు పేర్లతో కొట్టుకునేవాళ్లం. అది బెంగాల్ నుంచి రాలేదు, మా ఊరికి ఆగ్రా నుంచి వచ్చింది అని నేను వాదించేవాణ్ని.

నిజంగానే విత్తనం ఆగ్రా నుంచి లారీల్లో దిగేది. మా ఎండాకాలానికి గడ్డ ఆగదు, ముడుచుకుపోతుంది, కుళ్లుతుంది. అక్కడ శీతల గిడ్డంగుల్లో దాచినది దసరా దాటాక ఇక్కడికి వస్తుంది. కుఫ్రీ అనే మాట ఆ బస్తాలతోనే విన్నాను. అదేదో సేటు పేరనుకున్నాం. సిమ్లా దగ్గర ఊరని, సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ తన రకాలన్నిటి ముందూ ఆ పేరే పెడుతుందని, మేము వేసిన కుఫ్రీ జ్యోతి 1968లో వచ్చిందని చాలాకాలం తర్వాత ఎక్కడో చదివాను. విత్తనం దిగిన మర్నాడు అవ్వ వాకిట్లో కత్తిపీట ముందు కూర్చునేది. ముక్కకు రెండు కండ్లన్నా ఉండాలి, తక్కువైతే ఊరుకునేది కాదు. కోసిన మొహాలకు పొయ్యిలో బూడిద అద్దడం మా పిల్లల పని. గాయానికి బూడిద, ఆ సంగతి ముందు అక్కడే నేర్చుకున్నాం.

మూడు నెలలకు పంట. తవ్వకానికి పది రోజుల ముందు ఆకు కోసేస్తే లోపల గడ్డకు తోలు ముదురుతుంది. అప్పుడు నాయిన నాగలి కట్టి కట్ట వెంబడి బోదె విప్పుకుంటూ పోతే వెనక ఆడవాళ్లు గంపలతో ఏరుకుంటూ పోయేవాళ్లు. వాళ్లు పోయాక మేము పరిగె ఏరేవాళ్లం. వరికి పరిగె ఏరతారని అందరికీ తెలుసు, ఆలుగడ్డకూ ఉంటుంది. మట్టిలో కాలి బొటనవేలు పెట్టి కెలికితే తగులుతుంది, రాయో గడ్డో వేలికి తెలిసిపోతుంది.

తవ్విన గడ్డ లారీ వచ్చేదాకా చేనులోనే కుప్పగా ఉండేది, పైన కోసిన ఆకు కప్పి. దాని వాసనకు అడవిపందులు వచ్చేవి, ఏదుపందులు వచ్చేవి. ఏదుపంది వస్తే చప్పుడుండదు, పొద్దున పోయి చూస్తే కొరికిన గడ్డలు, మధ్యలో ఒక నల్లతెల్ల ముల్లు. అందుకని రాత్రి కావలి. తాత గొంగడి, కందీలు, బీడీకట్ట, ఒక గుడ్డలో దొడ్డుప్పు, ఎల్లిపాయకారం. శనివారం రాత్రి అయితే నేనూ, మా చిన్నాయన కొడుకూ. కుప్పకు పది అడుగుల దూరంలో సలిమంట.

మాకు మంటంటే కంది కట్టె. నిప్పు ముట్టిస్తే భగ్గుమని మనిషెత్తు లేస్తుంది, చూడ్డానికి అదే పండుగ. తాతకు అది కంటికి ఆనేది కాదు. ముందు కంది కట్టెతో ముట్టించి, దాని మీద రెండు తుమ్మ మొద్దులు, పక్కన నాలుగు పిడకలు పెట్టి గొంగడి కప్పుకుని కూర్చునేవాడు. ఇక ఓ గంట ఏమీ జరిగేది కాదు. మేము గడ్డలు పట్టుకుని తిరుగుతుంటే, ‘ఆగుండ్రి, ఇంక మంట సావలే’ అనేవాడు.

మొదటి ఏడు ఆగలేదు. పక్క చేనులో చెరుకు గానుగ ఆడుతోంది. బెల్లం పెనం కింద చెరుకు పిప్పి ఎగదోస్తుంటే పొయ్యి నోట్లోంచి జెర్రిగొడ్డు నాలుకలాగా మంట బయటికి వస్తుంది. ఇంత మంటలో క్షణంలో ఉడుకుతాయని నాలుగు గడ్డలు విసిరేసి వచ్చాం. గానుగ దగ్గరి పెద్దమనిషి గంట తర్వాత పారతో గీకి తీసిచ్చినవి నాలుగు బొగ్గులు. ఒకదాన్ని పగలగొడితే మధ్యలో రేగుపండంత పచ్చి ముద్ద. తాత దాన్ని అటూఇటూ తిప్పి చూసి నవ్వాడు.

‘బెల్లానికి మంట గావాలె. గడ్డకు నిప్పు గావాలె. నిప్పు గూడ కాదురా, బూడిద గావాలె.’

బూడిద అంటే అన్నీ అయిపోయాక మిగిలేది కదా అని నా ఆలోచన. తాత లెక్క వేరు. తుమ్మ మొద్దు ఎర్రగా కూర్చున్నాక నిప్పుల్ని కట్టెతో పక్కకు జరిపి, కింద కాలిన మట్టి మీద వేడి బూడిద పరిచి, గడ్డలు పెట్టి, పైన మళ్లీ బూడిద కప్పి, అప్పుడు దాని మీద నిప్పులు. గడ్డకు నిప్పు తగలకూడదు, నిప్పు పక్కింట్లో ఉన్నట్టు ఉండాలి. గడ్డలో ముప్పాతిక నీళ్లే. ఆ నీళ్లు ఆవిరై లోపల్లోపలే ఉడికిస్తాయి, తోలు గిన్నెకు మూతలాగా పనిచేస్తుంది.

మరి మావి మూతలేని గిన్నెలాయె. కోసుకపోయిన గడ్డను ఊరికే బూడిదలో పెడితే కోసిన మొహం నుంచి నీరు కారి, దానికి బూడిద పట్టి, రాతిపలకలా గట్టిపడుతుంది. అందుకే తాత కాలువ గట్టు నుంచి తడి ఎర్రమట్టి తెప్పించి, గాయమైన చోట రొట్టె మీద వెన్న పూసినట్టు కాదు, గోడకు అలికినట్టు మందంగా మెత్తేవాడు. కాలాక ఆ మట్టి పెంకులా ఊడివస్తుంది, దానితోపాటు పలుచగా ఒక చెక్కు పోతుంది, లోపలంతా బాగుంటుంది. ఆ పెంకు లోపలి వైపు గడ్డ మొహం అచ్చు పడి ఉండేది. మా చిన్నాయన కొడుకు వాటిని జేబులో దాచుకునేవాడు, ఎందుకో.

తాతకు గడియారం లేదు. చిన్న గడ్డ రెండు బీడీలు, నడితరం మూడు, పెద్దది నాలుగు. ఆ తర్వాత కంది పుల్లతో పొడిచి చూడ్డం. పుల్ల ఆగితే ఇంకో బీడీ. దగ్గు వచ్చిన ఏడు బీడీలు తగ్గించుకోమని డాక్టరు చెబితే, ‘మరి గడ్డలెట్ల కాల్తయి?’ అన్నాడట. నాయిన చెప్పి నవ్వేవాడు.

చెక్కు చెదరని గడ్డ మాకు ఎప్పుడైనా దొరికేదంటే పరిగెలోదే, చిన్నది. దానితో ఇంకో ప్రమాదం. ఎక్కడా పొక్క లేదు కాబట్టి ఆవిరికి దారి ఉండదు. ఒకరాత్రి ఒకటి ఢామ్మని పేలింది. నిప్పులు లేచి తాత గొంగడి మీద పడ్డాయి. ఉన్ని గొంగడి అంటుకోదు, పడ్డచోట ముడుచుకుని ఆరిపోతుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మేము కుప్ప వెనక్కి పరుగెత్తాం. తాత లేవలేదు. దులుపుకుని, గొంగడికి పడ్డ మూడు మచ్చలూ వేలితో తడిమి, ఇంకో బీడీ ముట్టించాడు.

తినడం ఎలాగో చెప్పనా? ఊదుకుంటూ ఈ చేతి నుంచి ఆ చేతికి ఎగరేసి, రెండుగా విరిస్తే ఆవిరి కళ్లలోకి కొడుతుంది. అప్పుడే తవ్విన గడ్డ కాబట్టి పొడిపిండిలా ఉండదు, కాస్త జిగటగా, తడిగా ఉంటుంది. ఉప్పు రాయి ఒకటి వేసి కొరికితే సగం చప్పగా, సగం ఉప్పగా. ఎల్లిపాయకారం తాతకే, మాకు వేలికంటినంత. అన్నిటికన్నా మంచిది కాలిన తోలుకు ఆనుకుని ఉండే గోధుమరంగు పొర, గోరు మందం. అది తియ్యగా ఉంటుంది. దాన్ని కింది పళ్లతో గీక్కుని తినాలి. మూతులు నల్లగా, పొద్దున అవ్వ చూసి, ‘ఏం దొంగతనం జేసిండ్రు?’ అనేది.

ఒకసారి చేశాను. ఆ ఏడు గడ్డ బాగా ఊరింది. కుప్ప అంచున ఒకటి, నా రెండు చేతులకు నిండేంత, నున్నగా, ఒక్క గీత లేదు. పగలంతా దాని మీదే కన్ను. అర్ధరాత్రి తాత కళ్లు మూసుకున్నాడనుకుని తీసుకొచ్చి, మట్టి కూడా మెత్తకుండా, బూడిద గీకి లోపల పెడుతున్నాను.

‘ఏందిరా అది?’

నేను గడ్డను వెనక దాచుకున్నాను. దాగేంత చిన్నది కాదు. తాత చెయ్యి చాపాడు, ఇచ్చాను. కందీలు దగ్గర పెట్టుకుని అన్ని వైపులా చూశాడు. దాన్ని తిరిగి కుప్పలో వేస్తాడనుకున్నాను. పొద్దున నాయినకు చెబుతాడనుకున్నాను, అదే భయం. ఆ ఏడు అప్పుకు ప్రతి బస్తా లెక్కే. తాత నడుముకున్న కొడవలి తీసి, ఆ గడ్డ ఒక చివర రెండు వేళ్ల మందం చెక్కు తీసేశాడు.

‘ఇగ కోసుకపోయిందే గద,’ అన్నాడు. మట్టి తెమ్మన్నాడు.

ఐదు బీడీలు పట్టింది. ముగ్గురం తిన్నాం.

ఇప్పుడు ఆ చేనులో పత్తి. నేను గ్యాసు పొయ్యి మీద జాలీ పెట్టి, అప్పుడప్పుడు ఓవెన్లో, బోయిన్‌పల్లి మార్కెట్ గడ్డ కాలుస్తుంటాను. ఉడుకుతుంది, తింటాం. దాని గురించి అంతకన్నా చెప్పడానికి లేదు.

ఆ పొద్దున నాయిన ఎడ్లు తోలుకుని వచ్చాడు. సలిమంట పక్కన నిలబడి చెప్పుతో బూడిద కదిపాడు. పెద్ద తోలు ఒకటి బయటపడింది. వంగి తీసి, అరచేతిలో పరిచి చూసుకున్నాడు. నేను గొంగడి కింద ఊపిరి బిగబట్టాను.

‘ఏందే నాయినా, గింత పెద్ద గడ్డ గూడ కోసుకపోయిందా?’

తాత బీడీ దులిపాడు.

‘నువ్వు దున్నిందే గదరా.’

నాయిన ఇంకాసేపు ఆ తోలును చూసి, బూడిదలో వేసి, నాగలి దగ్గరికి పోయి కర్రు లోతు సరిచేసుకున్నాడు.