పెండ్లి పత్రికలో బాపు అక్షరం

మా కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడేవారికి కొదవలేదు. చదివేవారే తగ్గుతున్నారు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు ఎన్నో ఇండ్లలో తెలుగు, బడిలో కన్నడం, ఉద్యోగంలో ఇంగ్లీషు. బంగారు గనుల ఊళ్ళో వీటికి తోడు తమిళం. ఇన్నింటి మధ్య తెలుగు అక్షరం ఇంకా కనిపించే చోట్లలో పెండ్లి పత్రిక ఒకటి. అందులోనూ ముందుగా కన్ను పడేది బాపు అక్షరం మీద.

బాపుగారు (1933–2014) బొమ్మలతోపాటు అక్షరాలనూ గీశారు. పుస్తకాల అట్టలకు, కథల శీర్షికలకు ఆయన రాసిన రాతే తర్వాత కంప్యూటరు అక్షరమైంది. కుంచెను ఒక్క విసురున తిప్పినట్టు ఉంటుందది. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. తలకట్టు పిట్ట రెక్క విదిల్చినట్టు పైకి లేస్తుంది.

నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాడిని. చెక్కు మీద సంతకం ఎన్ని వంకరలు పోయినా నమూనాతో సరిపోతే చాలు. మొత్తం మాత్రం ఎవరు చూసినా ఒకేలా చదవగలగాలి. అలంకారపు అక్షరానికీ ఇదే లెక్క. పేరుకు అది సంతకంలాంటిది. ముహూర్తానికి, చిరునామాకు పనికిరాదు. ‘ప’ పొట్టలో చిన్న గీత పడితే ‘ష’, కింద పడితే ‘ఫ’. చిన్న సైజులో లావు గీత ఆ తేడాను మింగేస్తుంది.

ఆమధ్య మా చెల్లెలి కూతురి పెండ్లి పత్రిక కోసం రాబర్ట్‌సన్‌పేటలో అచ్చాపీసుకు వెళ్ళాం. ‘‘తెలుగు ఎవరు చదువుతారు మామా? పేర్లు రెండూ బాపు అక్షరాల్లో వేయించి, మిగిలింది కన్నడం, ఇంగ్లీషుల్లో పెడదాం. అందంగా ఉంటుంది’’ అంది పెండ్లికూతురు. మా అమ్మకు ఎనభై దాటాయి. తెలుగు తప్ప వేరే లిపి రాదు. ‘‘మరి అవ్వ ముహూర్తం ఎవరినడిగి తెలుసుకోవాలమ్మా?’’ అన్నాను. కాసేపు ఆలోచించి, ఒకవైపు పూర్తిగా తెలుగే వేయించింది.

తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపినుంచి విడిపడినవి. మన తలకట్టు టిక్కు పెట్టినట్టుంటే, వాళ్ళది అడ్డగీత. కన్నడం వచ్చిన పిల్లలు సాదా తెలుగును కొద్దిరోజుల్లోనే కూడబలుక్కోగలరు. అదే తలకట్టు రెక్కలు చాచితే తికమకపడతారు.

ఇప్పుడు అలంకారానికీ కొరత లేదు. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిన రామరాజ, ధూర్జటి వంటి అక్షరాలను సిలికానాంధ్ర ఉచితంగా అందించింది. శీర్షికలకు, ఆహ్వానాలకు బాగుంటాయి. పాత కంప్యూటరు అక్షరాల్లో కూర్చిన మాటను అవి లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేవి. ఇవి యూనికోడు గనుక ఆ బెడద లేదు.

అయితే నగ ఎంత బాగున్నా పెట్టుకునే మనిషి ఉండాలి. తెలుగును రెండు పేర్లకే పరిమితం చేస్తే, రేపు ఆ పేర్లనూ బొమ్మలా చూస్తారు గాని చదవరు. పత్రిక వేయించబోయే పాఠకులకు నా మనవి ఒక్కటే. పేర్లు బాపు అక్షరంలోనే ఉండనివ్వండి. వాటి కింద నాలుగు వరుసలు సాదా తెలుగులో వేయించి, ఇంట్లో పిల్లలచేత ఒకసారి పైకి చదివించండి.