హనేడాలో ఒక సాయంకాలము

టోక్యోలో మా అమ్మాయి కాపురము చూడబోయిన మేము, తిరుగు ప్రయాణమునాడు హనేడా విమానాశ్రయపు రెండవ టెర్మినలు మేడపై కొంతసేపు నిలిచితిమి. ఎదుట సముద్రము, దాని కీవల 'సి' అను రన్వే. విమానము లొకదానివెనుక నొకటి వచ్చి వాలుచుండెను. 2024 జనవరి 2వ తేదీ సాయంకాలమున ఘోరము జరిగిన దా రన్వేమీదనే.

సప్పోరో ప్రాంతమునుండి 379 మందితో వచ్చిన జపాను ఎయిర్‌లైన్సు విమానము, రన్వేపై నిలిచియున్న తీరరక్షక దళమువారి చిన్న విమానమును ఢీకొని మండిపోయెను. పెద్దదానిలోని వారందరును ప్రాణములతో బయటపడిరి. చిన్నదానిలోని యార్గురిలో నైదుగురు మరణించిరి. ముందునాటి నోటో భూకంప బాధితులకు సామగ్రి కొనిపోవలసినవారు వారు!

సోదరీమణులారా! అప్పు డాకాశమున నున్నవారి గతి యేమి? విమానమును బండివలె దారిలో నిలుపరాదు గదా! ఇట్టి సమయమున నియంత్రణాధికారులు దిగబోవువానిని మరల పైకి పొమ్మందురు. వెనుక వచ్చువానిని, ఒకదానిపై నొకటి వేయి అడుగుల యెడముతో, చుట్లు తిరుగుచుండుడని చెప్పుదురు. వేచియుండ నింధనము చాలనివానిని వేరు విమానాశ్రయములకు మళ్లింతురు. మనము చుట్టములు వత్తురేమోయని ఎసటిలో గుప్పెడు బియ్య మెక్కువ పోయునట్లు, మరియొక చోటికి పోవుటకును, ఆపైన అరగంట యెగురుటకును చాలు నింధనము విమానములో ముందే యుంచుట సామాన్య నియమము.

హనేడాలో నాలుగు రన్వేలున్నను, ఆనాడన్నియు మూసిరి. అగ్నిమాపక దళము లొకచోట మంటతో పోరాడుచుండగా, వేరొకచోట విమానమును దింపుట క్షేమము గాదు. పెక్కు విమానములు నరిటాకును, నాగోయా చెంతనున్న చూబు విమానాశ్రయమునకును మరలినవి. రాత్రి 9.30 ప్రాంతమున మూడు రన్వేలు తెరచిరి. 'సి' రన్వే 8వ తేదీన తెరువబడెను.

ఇంతకును మూల మేమి? రన్వే వెలుపల ఆగవలసిన చోటు చెప్పుచు, 'మీ వంతు మొదటిది' అని నియంత్రణాధికారి పలికిన మాటను, చిన్న విమానమువారు రన్వేపైకి పోవుట కనుమతిగా గ్రహించిరి. పిమ్మట కొంతకాల మట్టి పలుకు మానిరి. రన్వేపై కెవరైన వచ్చిరేమో తెరపై ఎడతెగక చూచుట కొక యుద్యోగిని ప్రత్యేకముగా నియమించిరి.

తిరిగి వచ్చునపుడు, దిగుటకు ముందు మా విమానము ఆకాశమున రెండు చుట్లు తిరిగెను. తోడివారు విసుగుకొనిరి. మాకు విసుగు రాలేదు. క్రింద నెవ్వరో మా కొరకు దారి సరిచూచుచున్నారని తలచి, నిశ్చింతగా కూర్చుంటిమి.