మామ దావ దాటేదానికి ఇంకో ఇరవై సెకన్లు



మూడు ఆదివారాలుగా మన కూటానికి మామ రాలేదు. చూపు లేని మనిషి. అయినా మన పిల్లోళ్లకు పద్యాలు నేర్పేది ఆయనే. మేము చదివింది తమిళ బడిలో, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకొన్నాము. మా తప్పులు దిద్దేదీ ఆయనే. ఇంటికి పోయి "యాల రాలేదు మామా?" అని అడిగితిమి.

"బస్సు దిగినాక దావ దాటించేవాళ్లు దొరకలేదు నాయినా. అర్ధగంట నిలబడి, మళ్లీ బస్సెక్కి ఇంటికి వచ్చేస్తిని" అనె. మాకు సిగ్గయింది.

హోసూరు, కృష్ణగిరి రెండు ఊర్ల మీదుగానూ పోయేది 44వ నంబరు జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే దావ అది. లారీలు ఎవురి కోసం నిలుస్తాయి?

సిగ్నల్ దగ్గర నడిచేవాళ్లకు ఒగ లెక్క ఉండాది. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకొంటారు. 24 మీటర్ల దావకు 20 సెకన్లు. కర్రతో తడుముకొంటా అందులో సగం వేగంతో నడిచే మామకు 40 కావాల. అంటే పచ్చలైటు పోయేటప్పటికి ఆయన సరిగ్గా దావ నడుమ ఉంటాడు.

పక్కనే ఉండే బెంగళూరులో కొన్ని కూడళ్లలో ఇప్పుడు కెమెరాలు బండ్ల వరుసను చూసి, పచ్చలైటు ఎంతసేపు ఉండాలనేది కృత్రిమ మేధతో అప్పటికప్పుడు మారుస్తా ఉండాయి. బండ్ల కోసం చేసేది మనిషి కోసం చేయలేమా? సింగపూరులో 2009 నుంచే ముసలోళ్లు, వికలాంగులు సిగ్నల్ స్తంభానికి కార్డు తాకిస్తే 3 నుంచి 13 సెకన్లు ఎక్కువ ఇస్తారు. కెమెరా అయితే కర్రను, చక్రాల కుర్చీని చూసి తానే ఆపొచ్చు.

మాలో రైల్వే గుమాస్తాలుగా చేసినవాళ్లం ఉండాము. ఇంటర్‌లాకింగ్ ఉండే గేటు మూసి తాళం పడితేగానీ రైలుకు పచ్చ పడదు. డ్రైవరు ఎంత కూత పెట్టినా పడదు. మామ దావలో ఉన్నంతసేపు లారీకీ అట్లే పచ్చ పడకూడదు.

భయమూ ఉండాది. 2018లో అమెరికాలో, అరిజోనాలో, తనంతట తానే నడిచే కారొకటి సైకిలు తోసుకొంటా దావ దాటే ఆమెను గుద్ది చంపింది. ఆమెను ఒగసారి బండి అనుకొనింది, ఒగసారి సైకిలు అనుకొనింది. మనిషి అనుకోలేదు. యంత్రానికి చూపించనిది దానికి తెలియదు. మన చంకకర్రలు, మూడు చక్రాల స్కూటర్లు, చేతులూని పాకేవాళ్లు, అందరినీ దానికి ముందే చూపించాల.

ఇది దయ కాదు. కోయంబత్తూరు డాక్టరు రాజశేఖరన్ వేసిన కేసులో, వికలాంగులకూ అనువయిన కాలిబాట 21వ అధికరణం కింద హక్కు అని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ముందు మెట్లు లేని కాలిబాట, శబ్దం చేసే సిగ్నల్ కావాల. కెమెరా ఆ పైన.

కలెక్టరుగారికి అర్జీ తమిళంలో మేమే రాస్తాము. మా బడి చదువు దీనికి పనికొస్తుంది. మీ దగ్గర దావ దాటలేనివాళ్లు ఉంటే, ఏ చోటో, వాళ్లకు ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాయండి.

జవాబు వచ్చేదాకా ప్రతి ఆదివారం మామ బస్సు దిగే చోట మనలో ఒగరు నిలబడాల. ఈ వారం మేము పోతాము. వచ్చే వారం ఎవురు?