నెమ్మదైన పిల్ల

ఆ క్లినిక్ వరండాలో పెద్దవాళ్లు కూర్చునే కుర్చీలు నాలుగే ఉన్నాయి. మిగతావన్నీ మోకాలెత్తు ప్లాస్టిక్ కుర్చీలు, ఎరుపూ పసుపూ. గోడకి అక్షరాల చార్టు, నేల మీద దారానికి గుచ్చే చెక్కపూసలు. పక్కన కూర్చున్నావిడ వాళ్లబ్బాయి బూట్లు విప్పుతూ "మీ బాబు లోపలున్నాడా అండీ?" అంది. బాబు లేడు, చూపించుకోడానికొచ్చింది నేనేనన్నాను. ఆవిడ నన్నూ, నా ఆఫీసు బ్యాగునూ, పక్కనున్న అమ్మనూ చూసి ఇంకేం అనకుండా రెండో బూటు విప్పింది.

నాకు నలభై రెండేళ్లు. ఒక ఆడిటర్ దగ్గర పద్దులు చూస్తాను. ఆటిజం సంగతి మా అక్క కొడుకు వల్ల తెలిసింది. వాడికి నాలుగో ఏట అదేనని తేల్చినప్పుడు, డాక్టరు రాసిచ్చిన లక్షణాలు అక్క ఫోన్లో చదువుతుంటే నా గురించి ఎవరో చాడీలు చెబుతున్నట్టు అనిపించింది. అంతకుముందు ఒక డాక్టరు డిప్రెషన్ అని ఆరేళ్లు మాత్రలు వాడించాడు. ఆ ఆరేళ్లలో నా చిన్నతనం గురించి ఒక్కసారీ అడగలేదు.

ఇక్కడికొచ్చే ముందు కేంబ్రిడ్జి వాళ్లు 2001లో తయారుచేసిన యాభై ప్రశ్నల పట్టీ ఒకటి నింపాను. 32 గానీ ఆపైన గానీ వస్తే ఆలోచించుకోమంటారు, నాకు 36 వచ్చింది. అందులో పార్టీకి వెళ్తారా, లైబ్రరీకా అన్న అర్థంలో ఓ ప్రశ్న ఉంది. మా నరసరావుపేటలో పార్టీ అంటే జెండా పట్టుకుని తిరిగేదే. లైబ్రరీ అని టిక్కు పెట్టానుగానీ, అడిగినవాళ్ల లోకం వేరే, నాది వేరే అన్న శంక మాత్రం పోలేదు. బండ్ల నంబర్లు గమనిస్తారా అని కూడా అడిగారు. దానికి శంకపడే పనే లేదు.

లోపల సైకాలజిస్టు నా కంటే చిన్నది, ముప్పై అయిదుంటాయేమో. కూర్చోగానే "ట్యూబులైటు ఆపేయమంటారా?" అంది. ఆపేయమన్నాను. అది సన్నగా గీపెడుతోందని నేనింకా అననేలేదు. కిటికీ వెలుతురులోనే రెండు గంటలు గడిచాయి. మాటల్లేని బొమ్మల పుస్తకం ఇచ్చి కథ చెప్పమంది. స్నేహితులంటే ఎవరు, ఒంటరితనం ఎలా ఉంటుంది అని అడిగింది. ఆఫీసులో ఎలా నవ్వుతారంటే, ఎదుటి టేబులావిడ నవ్వు చూసి నేర్చుకున్నానని చెప్పాను. ఇది అబద్ధమనుకుంటుందేమోనని భయపడ్డాను. ఆవిడ తాపీగా రాసుకుంది.

ఆ తర్వాత అమ్మని పిలిచారు. పెద్దయ్యాక వచ్చేవాళ్లకి అసలు పరీక్ష ఇదేనట. ఆటిజం పుట్టుకతో ఉండేది కాబట్టి చిన్నతనపు ఆనవాళ్లు దొరకాలి, వాటికి సాక్షి ఉండాలి. నా సాక్షికి డెబ్బై ఒకటి. కళ్లజోడు కొంగుతో తుడుచుకుని సిద్ధంగా కూర్చుంది.

"చిన్నప్పుడు మీ అమ్మాయి కళ్లలోకి చూసి మాట్లాడేదా అమ్మా?"

"ఆడపిల్ల కళ్లలోకి చూసి మాట్లాడటమేంటి డాక్టరమ్మా? తల దించుకునే చెప్పేది. చుట్టాలంతా మెచ్చుకునేవాళ్లు, ఎంత నెమ్మదైన పిల్ల అని."

పెన్ను ఆగింది. ఆవిడ ప్రశ్న మార్చింది. "మీ ఒళ్లో కూచుని కబుర్లు చెప్పేటప్పుడు మీ మొహంకేసి చూసేదా?"

"దానికి కబుర్లెక్కడివి? బస్సుల నంబర్లు చెప్పేది."

నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. లియో కానర్ 1943లో మొదటిసారి రాసిన పదకొండు మంది పిల్లల్లో ఆడపిల్లలు ముగ్గురే. మరుసటేడు వియన్నాలో ఆస్పర్గర్ విడమరిచి రాసిన నలుగురూ మగపిల్లలే. ఆడపిల్లల్లో అరుదన్న మాట చాలాకాలం అలాగే నడిచింది. వాళ్లు చూసి నేర్చుకుని నెట్టుకొస్తారనీ, అందుకే దొరకరనీ ఇప్పుడంటున్నారు. మా ఇంట్లో అంత దాచుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. అబ్బాయి అయితే "వీడేంటి పలకడు" అనేవాళ్లు. నాకు అణకువ అని పేరొచ్చింది.

అమ్మ చెప్పుకుపోతోంది. మిక్సీ వేస్తే పెరట్లోకి పరిగెత్తేదాన్నట, అందుకని నా పదో తరగతి దాకా పచ్చళ్లన్నీ రోట్లోనే నూరిందట. కుట్టు గుచ్చుకుంటుందని కొత్త లంగా తిరగేసి తొడుక్కునేదాన్నట. నెయ్యి పప్పులో కలపకూడదు, పక్కన పోయాలి. పెళ్లిళ్లలో ఏడుస్తుంటే వడ్డనకి పెట్టేవాళ్లట. "చేతికి పనిస్తే బానే ఉండేది డాక్టరమ్మా, ఊరికే కూచోమంటేనే కష్టం." రోలు సంగతి నాకిన్నాళ్లూ తెలీదు. రోటిపచ్చడి రుచి కోసమే అనుకున్నాను.

చివర్లో అమ్మ ఆరా తీసింది: "మరి పింఛనుకి సదరం సర్టిఫికెట్ ఇస్తారా?" సైకాలజిస్టు ఓపిగ్గా చెప్పింది. 2016 చట్టంలోని ఇరవై ఒక్క వైకల్యాల్లో ఆటిజం ఉంది. కానీ చాలా సదుపాయాలకి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి, సర్టిఫికెట్ ప్రభుత్వాసుపత్రిలో ఇస్తారు. అందుకు వాడే కొలత మన సికింద్రాబాద్‌లోనే, బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైంది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. 70 లోపు వస్తే ఆటిజం లేదని లెక్క. ఉద్యోగం చేసుకుంటూ, బిల్లులు కట్టుకుంటూ ఉండే నాలాంటివాళ్లు అక్కడ 70 దాటడం కష్టమేనట. అది ఒక్కటీ చూసి నాకేం చెప్పలేనంది.

సర్టిఫికెట్ కోసం నేను రాలేదు. కాకపోతే అమ్మ ముందు ఆ మాట అనలేదు. పింఛను రానిదానికి ఇంత ఫీజెందుకంటే నా దగ్గర జవాబు లేదు.

రిపోర్టుకి మూడు వారాలు పడుతుందన్నారు. ఈలోగా బళ్లో ఇచ్చిన ప్రోగ్రెస్ కార్డులుంటే పంపమన్నారు. నరసరావుపేట ఇంట్లో, అటక మీది రేకుపెట్టెలో, నాన్న అన్నీ పురికొసతో కట్టి పెట్టాడు. ప్రవర్తన గడిలో ఆరేళ్లూ "బాగు" అనే ఉంది. ఏడో తరగతి కార్డులో ఎవరో మేష్టారు ఎర్రసిరాతో రాశారు: "తోటి పిల్లలతో కలిసి మాట్లాడవలెను." కింద నాన్న సంతకం.

ఆ గడి వరకే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతుంటే అమ్మ వెనక నుంచి తొంగిచూసింది.

"అదొక్కటే పంపుతావేంటే? పైన మార్కులు కూడా పడేట్టు తియ్యి. లెక్కల్లో తొంభై ఏడు."