కుశల వార్తలు, ఒక విన్నపం

ఈసారి మా ఇంటి విశేషాలు కొన్ని విన్నవిస్తాను.

మా అమ్మగారి ఆబ్దికానికి పెద్ద విందు మాని, ఆ సొమ్ముతో పొందూరులో నూలు వడికే మహిళలకు రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించాము. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి, సన్నని నూలు తీసే చేతులవి. గంటల తరబడి కూర్చునే వృత్తి. మా కోడలు పేర్లు వ్రాసింది. మనవడు మంచినీళ్ళు అందించాడు.

విశ్రాంత జీవితంలో వయొలిన్ సాధన మొదలుపెట్టాను. ద్వారం వెంకటస్వామినాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలో బోధించిన వాద్యమది. నాకింకా జంట స్వరాలే! అపస్వరాలను ఓపికగా విన్న ఇద్దరు బాల్యమిత్రులు ఈ ఏడాది వెళ్ళిపోయారు. ఒకరు పక్షవాతంతో, మరొకరు మూత్రపిండాలు చెడి. ఇద్దరికీ అధిక రక్తపోటు ఉండేది. "బాధేమీ లేదు కదా" అని మందులు మానేశారు.

తీగ శ్రుతి తప్పితే చెవికి తెలుస్తుంది. రక్తపోటు పెరిగితే చాలామందికి ఏమీ తెలియదు, కొలిస్తేనే బయటపడుతుంది. వేర్వేరు రోజులలో 140/90 లేదా అంతకుమించి కనిపిస్తే వైద్యుని కలవండి. అదుపులోకి వచ్చిందని మందు మీరే ఆపకండి. ఈ వారం ఒక పాత మిత్రునికి ఫోను చేసి, "రక్తపోటు ఎప్పుడు చూపించుకున్నావు?" అని అడగండి.