పాత ట్రాక్టరు, తండ్రిగారి బావి

ఈ సంచికకు మా అనుభవములలోనుండి ఏదైన వ్రాసి పంపుడని సంఘమువారు కోరిరి. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు కన్నడములో చదివి, ముప్పది రెండు సంవత్సరములు గుమాస్తాగా లెక్కలు వ్రాసి విరమించినవారము. తెలుగు అక్షరములు మాకు బడిలో రాలేదు. కైవారము తాతయ్యగారి తత్త్వములు చదువుకొనుటకై మా అవ్వ ఇంటి అరుగు మీద ఇసుకలో దిద్దించినవి. కావున సాహిత్యమును గూర్చి వ్రాయుటకు సాహసింపక, మాకు బాగుగా తెలిసిన వస్తువును గూర్చి వ్రాయుచున్నాము. అది మా కొట్టములోనున్న పాత ట్రాక్టరు. సాంస్కృతిక సంచికలో ట్రాక్టరేమని చదువరులు నవ్వవచ్చును. మా పెద్దలు కపిలిని గూర్చియు ఎద్దులను గూర్చియు ప్రొద్దుపోవు వరకు మాటలాడుకొన్నట్లే మా ఇంట దీనిని గూర్చి మాటలాడుకొందుము. అది సంస్కృతి యగునో కాదో సంఘమువారే తేల్చుకొందురు గాక.

చింతామణికిని కైవారమునకును నడుమ మా అన్నగారికిని మాకును కలిపి ఆరెకరముల పొలము కలదు. పూర్వము రాగి, వేరుసెనగ. తరువాత టమోటా, మల్బరీ. 2007లో కోలారు జిల్లానుండి చిక్కబళ్లాపురము జిల్లా విడివడినప్పుడు మా పహణీ కాగితములలో జిల్లా పేరు మారెను గాని మట్టి మారలేదు. పైన ఎర్రమట్టి, దాని క్రింద గరుసు, దానికిని క్రింద రాయి.

2003లో ఒక రైతు వద్ద ఈ బండిని పాతదిగానే కొంటిమి. హెచ్.ఎం.టి. వారిది, 25 గుర్రపు శక్తి, రెండు సిలిండర్లు. ఆ సంస్థ 1953లో బెంగుళూరులో వెలసి, 1961నుండి గడియారములను, 1971నుండి హర్యానాలోని పింజోరులో చెకోస్లొవేకియా దేశపు జెటర్ పద్ధతిని ట్రాక్టరులను చేసినది. 2016లో గడియారముల శాఖను, ట్రాక్టరుల శాఖను రెంటిని మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము నిశ్చయించెను. మా చేతి గడియారము సైతము ఆ సంస్థదే యగుటచేత, “నీ చేతికీ నీ కొట్టానికీ ఒకే ఏడు దిక్కు లేకుండా పోయెరా” అని అన్నగారు పరిహాసమాడిరి.

2009లో దీనికి ముందు లోడరును ఒక లేతు పనివానిచేత చేయించితిమి. వెనుక భాగమున పాత బ్యాక్‌హో ఒకటి చౌకగా దొరికినది తగిలించితిమి. బ్యాక్‌హో అను మాట మా ఊరిలో నెవరును పలుకరు. ముందుదానిని తొట్టి యనియు, వెనుకదానిని చెయ్యి యనియు, మొత్తమును చిన్న జేసీబీ యనియు అందురు. జె.సి.బి. యనునవి 1945లో ఇంగ్లండున పని మొదలిడిన జోసెఫ్ సిరిల్ బ్యామ్‌ఫర్డ్ అను నాయన పేరులోని యక్షరములనియు, మా బండికిని ఆయనకును ఏ చుట్టరికమును లేదనియు చెప్పి చూచితిమి. ఎవరును వినిపించుకొనలేదు.

వేసవిలో ఎండిన చెరువులో పూడికమట్టి నెత్తి పొలములకు తోలుట దీని మొదటి పని. పేడయెరువు బండ్ల కెత్తుట, గొట్టములకు కాలువ తవ్వుట, తుమ్మమొద్దులు పెకలించుట తక్కిన పనులు. పెద్ద యంత్రము తోటలో తిరుగలేని చోట ఇది తిరుగును. అందుచేతనే ఇరుగుపొరుగువారు దీనిని అడుగుచుందురు.

పాతబండిని పోషించుట ముసలి ఎద్దును పోషించుట వంటిది కాదు. ఎద్దు ఆకలైనచో అరచును. బండి అరచునప్పటికి ఆలస్యమై యుండును. అందుచేత మేము కచేరి అలవాటు చొప్పున ఒక రిజిస్టరు పెట్టితిమి. గంటల మీటరు పనిచేయదు గనుక చేతి గడియారము చూచి, ఎన్ని గంటలకు ఎక్కినది, ఎన్ని గంటలకు దిగినది తెలుగులో వ్రాయుదుము. ఎనిమిది గంటల పనికొకసారి గ్రీజు. ముందు తొట్టి చేతులకును వెనుక చేతికిని కలిపి ముప్పది నాలుగు చోట్ల గ్రీజు పట్టవలయును. ముప్పది మూడు పట్టి ఒకటి మరచినచో ఆ ఒక్కటియే ముందు అరుగును. మొదట కీలులో గోరంత సడలిన పిన్ను, చేతి చివర తొట్టిని బెత్తెడు ఊపును. డీజిలు జల్లెడ క్రింద నీరు నిలిచినదేమో చూడవలయును. డీజిలు పూర్తిగా అయిపోవునంతవరకు నడపితిమా, గొట్టములలో గాలి చేరును; మర సడలించి, బుడగలు మానువరకు చేతిపంపు కొట్టుచు కూర్చుండవలయును. మా ఎర్రదుమ్మునకు గాలిజల్లెడలోని నూనె వేసవిలో రెండు దినములకే రాగిజావ వలె నగును.

అన్నిటికంటె జాగ్రత్త హైడ్రాలిక్ నూనెతో. నూనె పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని గుర్తు. గొట్టములు ఇనుముతో ఒరసికొను చోట్ల పాత ట్యూబు ముక్కలు చుట్టుదుము. గొట్టమునకు సన్నని రంధ్రము పడినచో దానిని వ్రేలితో వెదకరాదు. ఆ ఒత్తిడికి నూనె చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. వ్రేలు తీసివేయవలసిన స్థితియు రావచ్చును. అట్టముక్క అడ్డుపెట్టి చూడవలయును. ఏ కీలు విప్పుటకైనను ముందుగా తొట్టిని, చేతిని నేలకు దించి, ఇంజను ఆపి, మీటలను అటునిటు కదల్చి ఒత్తిడి విడువవలయును. ఎత్తిన తొట్టి క్రిందికి ఎవరును పోరాదు. ఇది మా ఇంట పిల్లలకు ఎక్కములకంటె ముందు నేర్పిన పాఠము.

2016 తరువాత విడిభాగములకై బెంగుళూరు జె.సి. రోడ్డులో తిరుగుట మా భాగ్యమైనది. దొరికినప్పుడు రెండు కొందుము. దొరకనప్పుడు లేతుమీద చేయింతుము.

ఇక బావి మాట. మా తండ్రిగారు 1964లో తవ్వించిన కపిలిబావి పొలము నడుమ నుండెడిది. ఇరువది అడుగుల అడ్డము, నలువది రెండడుగుల లోతు, పై పండ్రెండడుగులు రాతికట్టు. తండ్రిగారు స్వయముగా దిగి తవ్వినవారితో మట్టి మోసిరని మా అమ్మ చెప్పెడిది. మేము పుట్టిననాటికి కపిలి పోయి మోటారు వచ్చెను. తరువాత ఊరిచుట్టును బోర్లు పడెను. మేమును 1998లో ఆరువందల అడుగులకు వేసితిమి, 2013లో పండ్రెండు వందలకు వేసితిమి. బావిలో తడి సైతము లేకుండెను.

2015 వేసవిలో మా లేగదూడ అందులో పడి చచ్చెను. అప్పుడు మా మనుమనికి నాలుగేండ్లు. బావిని పూడ్చవలెనని మేము పట్టుపట్టితిమి. అన్నగారు ఒప్పుకొనలేదు. “నీళ్లు లేకుంటే అది బావి కాకుండా పోతాదా? చుట్టూ కంచె వెయ్యి, చాలు” అనిరి. కంచె ఖర్చు లెక్కవేసి చూపితిమి. బావి పూడినచో కాలు ఎకరము కలిసివచ్చుననియు, ఉత్తరపు గరుసుదిబ్బ చదునై మల్బరీకి పనికివచ్చుననియు కాగితముమీద వ్రాసి చూపితిమి. మా లెక్కలో తప్పులేదు. అన్నగారు కాగితము చదువకయే తిరిగి ఇచ్చి, “నీ ఇష్టంరా” అని లేచి పోయిరి.

మా తొట్టికి ఏడు ఘనపుటడుగుల మట్టి పట్టును. బావి కొలత పదమూడువేల రెండువందల ఘనపుటడుగులు. అనగా వెయ్యిన్ని ఎనిమిదివందల ఎనుబదియైదు తొట్లు. మట్టి అణగుటచేత చివరకు 2,140 పట్టినవి. ఇరువది రెండు దినములు. ప్రతి తొట్టికిని ఒక గీత, అయిదింటికొక అడ్డగీత. ఆ పుటలు ఇప్పటికిని రిజిస్టరులో నున్నవి.

బావి అంచునకు ఆరడుగుల దూరమునందే మట్టి పోసి, ఆపైన తొట్టితో ముందుకు త్రోయుట నియమము. తొమ్మిదవనాడు సాయంకాలము వెలుతురు తగ్గుచున్నదను తొందరలో మేము నిండిన తొట్టిని ఎత్తిపట్టి నేరుగా అంచునకు పోయితిమి. అంచు విరిగెను. ఎడమ ముందుచక్రము గాలిలో దిగబడెను. తొట్టి బరువు బండిని ముందుకు లాగుచుండెను. క్రింద ఇంకను ఇరువదియడుగుల లోతు. తప్పు మాదే, బండిది కాదు.

గట్టుమీద కూర్చుండి మేము చేయు పనిని చూడనట్లు నటించుచుండిన అన్నగారు పరుగెత్తి వచ్చిరి. మమ్ము దిగవలదని చేయి చూపిరి. దిగినచో వెనుక బరువు తగ్గును గదా. వెనుక ఆసనమెక్కి, చేతిని నిలువునా చాచి, దాని పండ్లను గట్టినేలలో నాటి, మెల్లగా లోపలికి ముడిచిరి. మేము తొట్టిలోని మట్టిని బావిలోనికి వదలి, తొట్టిని విరుగని అంచుమీద ఆనించి నొక్కితిమి. బండి జానెడు వెనుకకు వచ్చెను. మరల నాటి, మరల లాగిరి. అయిదారు మారులకు చక్రము నేలకెక్కెను. అన్నగారు మమ్మేమియు అనలేదు. “దిగు. ఇంటికి పోదాం” అనిరి, అంతే.

మరునాడు తెల్లవారక మునుపే వారే గ్రీజు పట్టి సిద్ధముగా నుండిరి. “సగంలో ఇడిస్తే ఇంకా ప్రమాదం. నేను తోలుతా, నువ్వు గీతలు గియ్యి” అనిరి. తక్కిన పదమూడు దినములు వారే తోలిరి. వలదన్న బావిని వారిచేతనే పూడ్పించితిమి. చివరి తొట్టి పడిన సాయంకాలము వారు భోజనము చేయలేదని వదినగారు చెప్పిరి.

2019లో అన్నగారు గతించిరి.

2021 నవంబరులో కురిసిన వానలను ఈ సీమవారు మరువలేదు. ఏండ్ల తరబడి చూడని నీరు కోలారు, చిక్కబళ్లాపురము జిల్లాల చెరువులలో నిండి మరువలు పారెను. మా చెరువును నిండెను. ఆ నెల చివర ప్రక్క పొలము వారు మమ్ము పిలిచి తమ పాతబావి చూపిరి. కంచె వేసి విడిచిపెట్టిన బావి యది. నీరు రాతిమెట్టు వరకు వచ్చి నిలిచినది, పిల్లలు తొంగిచూచుచుండిరి. చేయి చాచి ముంచుకొనవచ్చును.

మేము ఇంటికి వచ్చి రిజిస్టరు తీసి చూచితిమి. మా వెనుక చేయి ఎంత చాచినను ఏడడుగులకు మించి తవ్వజాలదు. ఏడడుగులు తవ్వి, ఆ గోతిలోనికి బండి దించి మరల తవ్వుదమన్నచో, అణగిన గరుసు ప్రక్కలనుండి విరిగి పడును. అందులో మనుష్యుని దింపుట సాహసము. పెద్ద యంత్రమును పిలిచి, బాడుగ, మట్టి తోలు ఖర్చు అడిగితిమి. ఈసారి కూడ మా లెక్కలో తప్పులేదు. బావి తిరిగి తవ్వుట మా శక్తికి మించినది.

అయినను 2022 మార్చిలో మల్బరీ నాలుగు వరుసలు పెరికి, బావియున్న చోట మా చేతనైన ఏడడుగులు తవ్వితిమి. గట్టునీరు వచ్చి ఇంకుటకు కాలువ తీసితిమి. మనుమడు మీటలు పట్టెను, మేము గీతలు గీసితిమి. మూడవనాడు చేతిపండ్లకు టక్కుమని తగిలెను. తండ్రిగారి రాతికట్టులోని బండ. కపిలి త్రాడు ఒరసిన గాడి దానిపైన చక్కగా నున్నది. ఇంజను ఆపించి, దిగి, చేతితో మట్టి తుడిచితిమి. తొట్టిలో నుంచుకొని ఇంటికి తెచ్చితిమి. ఇప్పుడది కొట్టమువద్ద నున్నది. దానిమీద కూర్చుండియే ప్రతి ఆదివారమును ముప్పది నాలుగు చోట్ల గ్రీజు పట్టుచున్నాము.